ప్రాగ్‌లో ఒంటరిగా వీకెండ్: నడిచే చూడాలా, ట్రామ్ పాస్ కొనాలా?

కృష్ణలంక అమ్మాయి:
జర్మనీలోని డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వచ్చే శుక్రవారం సాయంత్రం ట్రైన్‌కి ప్రాగ్ వెళ్తున్నాను, రెండున్నర గంటల ప్రయాణం. ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేయాలి. ఒంటరిగా వెళ్లడం ఇదే మొదటిసారి. రూమ్ అక్కడి జిజ్కోవ్ అనే పేటలో దొరికింది. మా ఫ్లాట్‌లో ఒకమ్మాయి "ప్రాగ్ చిన్న ఊరు, పాస్ కొంటే డబ్బు దండగ, నడువు" అంటోంది. ఇంకొకమ్మాయి "ఉన్నదే రెండు రోజులు, సగం టైమ్ రోడ్ల మీదే పోతుంది" అంటోంది. చూడాల్సిన స్థలాల లిస్టు వద్దు, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎవరి మాట ఎందుకు సరైనదో చెప్పండి.

అడుగులు:
ప్రాగ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. నా మాట వింటే నడవండి. పౌడర్ టవర్ దగ్గర మొదలుపెట్టి త్సెలెట్నా వీధి, ఓల్డ్ టౌన్ స్క్వేర్, చార్లెస్ బ్రిడ్జి, నెరుదోవా వీధి మీదుగా కోట దాకా వెళ్లే దారే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని పాత రాజ్యం) రాజుల పట్టాభిషేక ఊరేగింపు దారి. చివరి పట్టాభిషేకం 1836లో జరిగింది. మొత్తం కలిపి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆ నెరుదోవా వీధిలో తల ఎత్తి గుమ్మాల పైన చూడండి. ఒక ఇంటి మీద మూడు వయొలిన్లు, ఇంకో ఇంటి మీద రెండు సూర్యుళ్లు చెక్కి ఉంటాయి. 1770లో ఇళ్లకు నంబర్లు వేసేదాకా ఆ బొమ్మలే ఇంటి అడ్రసు. ఇప్పుడు ప్రతి ఇంటికీ రెండు పలకలుంటాయి: ఎర్రది ఆ పేటలో ఇంటి రిజిస్టర్ నంబరు, నీలంది వీధి వరసలో నంబరు. మీ రూమ్ వెతుక్కునేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది, నీలం పలకే చూడండి. ఇవన్నీ ట్రామ్ కిటికీలోంచి కనబడవు.

ఇరవైరెండో నంబర్:
అడుగులు గారూ, మీరు చెప్పిన దారిలోనే నా అభ్యంతరమూ ఉంది. నడిచి చూస్తానని వచ్చిన ప్రతివాళ్లూ సరిగ్గా ఆ మూడు కిలోమీటర్లలోనే ఉండిపోతారు. శనివారం మధ్యాహ్నం చార్లెస్ బ్రిడ్జి మీద ఉన్న ముప్పై విగ్రహాల్లో ఒక్కదాని ముందైనా నిలబడనిస్తారా? వెనకాల జనం తోస్తూనే ఉంటారు. దాన్ని ఊరు చూడటం అంటే నేను ఒప్పుకోను.

పైగా నెరుదోవా అంతా ఎత్తే. ఈ అమ్మాయి వారమంతా క్లాసులు, పార్ట్‌టైమ్ చేసుకుని వస్తుంది. అక్కడ స్టూడెంట్ల పార్ట్‌టైమ్ అంటే చాలావరకు నిలబడి చేసే పనే. శనివారం పొద్దున్నే రాళ్లు పరిచిన ఎత్తు ఎక్కేసి కాళ్లు లాగేస్తుంటే, కోటలో సెయింట్ వైటస్ చర్చి రంగుటద్దాల కిటికీల ముందు బెంచీ కోసం వెతుక్కోవాలి. 1344లో మొదలై 1929లో పూర్తయిన కట్టడం అది, ఓపిక ఉన్నప్పుడు చూడాల్సింది.

22 ట్రామ్ ఎక్కండి. కోట దాటి పొహోర్జెలెత్స్ స్టాప్‌లో దిగండి. అక్కణ్ణుంచి స్ట్రాహోవ్ మఠం, కోట, నెరుదోవా, బ్రిడ్జి, అన్నీ దిగుడే. అదే దారి, మోకాళ్లు మాత్రం మిగులుతాయి.

కృష్ణలంక అమ్మాయి:
పార్ట్‌టైమ్ సంగతి కరెక్టే, నాది కెఫే పని. కానీ రాత్రి పూట మాటేంటి? అమ్మ దగ్గర అసలు టెన్షన్ అదే.

వినోహ్రాడీ నుంచి:
ఇక్కడే ఉంటున్నాను, అమ్మాయినే, రాత్రుళ్లు ఒక్కదాన్నే తిరుగుతాను కాబట్టి చెబుతున్నా. ఈ నడకా ట్రామా అనే వాదన పగటికి మాత్రమే. రాత్రికి వాదన లేదు. మెట్రో ఆగిపోయాక కూడా ట్రామ్‌లు తెల్లవార్లూ తిరుగుతాయి. రాత్రి రూట్లన్నీ సెంటర్లో లాజర్స్కా దగ్గర కలుస్తాయి. అక్కడికి వెళ్తే జిజ్కోవ్ వైపు ట్రామ్ అందుకోవచ్చు. కాగితం టికెట్ అయితే ఎక్కగానే పసుపు మెషీన్లో పెట్టి ముద్ర వేసుకోండి, లేకపోతే టికెట్ కొన్నా కొననట్టే లెక్క. ఒంటరిగా ఉన్నప్పుడు బాగా అలసిపోయేదాకా నడవకూడదు. దారి తప్పేదీ, ఫోన్ ఛార్జింగ్ అయిపోయేదీ అప్పుడే. అమ్మగారికి కూడా ఈ మాటే చెప్పండి.

ఇంకో సంగతి. పాత యూదుల పేట యోసెఫోవ్‌లోని యూదుల మ్యూజియం శనివారం మూసేస్తారు. దాన్ని ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఆ మ్యూజియంలో భాగమైన పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల మీద నాజీలు చంపిన చెక్ యూదుల పేర్లు దాదాపు 78 వేలు చేత్తో రాసి ఉంటాయి. అది చూశాక ఆ పేట వీధుల్లో కాసేపు నెమ్మదిగా నడవండి. కొన్ని ఇళ్ల ముందు పేవ్‌మెంట్ రాళ్ల మధ్య అరచేయంత ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఒక్కో దాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, ఏ క్యాంపుకు తీసుకెళ్లారో ఉంటుంది. చదవాలంటే నడుం వంచాలి. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా అడుగులు గారి పక్షం.

అడుగులు:
రాత్రి సంగతి ఒప్పుకుంటాను. కానీ నడక అంటే సెంటర్లోనే తిరగడం అని ఇరవైరెండో నంబర్ గారు ఎందుకు అనుకుంటున్నారు? రూమ్ జిజ్కోవ్‌లో ఉంది కదా. పొద్దున్నే వీట్కోవ్ కొండ ఎక్కండి. పైన గుర్రం మీద చెక్ సేనాని జాన్ జిజ్కా కంచు విగ్రహం, కింద ఊరంతా కనబడుతుంది. కిందికి వచ్చి, ఆ కొండ కడుపులోంచి కార్లీన్ పేటకు తీసిన సొరంగంలో వెళ్లండి. 1953లో తెరిచారు, పొడవు మూడొందల మీటర్లు. కార్లూ వెళ్లవు, ట్రామూ వెళ్లదు, నడిచేవాళ్లూ సైకిళ్లూ మాత్రమే. కూరగాయల సంచులతో, పిల్లల బళ్లతో ఊరివాళ్లు ఎదురవుతారు. అవతల కార్లీన్ 2002 వరదలో మునిగి మళ్లీ లేచిన పేట. అక్కణ్ణుంచి ఓల్డ్ టౌన్ ఎంతో దూరం లేదు.

ఇరవైరెండో నంబర్:
ఆ సొరంగం దారి మంచిదే, కాదనను. కానీ అది ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు తెలిసే దారి. మొదటిసారి వచ్చిన మనిషికి ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియాలి. పొద్దున ఒక గంట ఆఫీసులకూ బజార్లకూ పోయే జనంతో ట్రామ్‌లో కూర్చుంటే అది తెలుస్తుంది. నచ్చిన చోట దిగి అప్పుడు నడవొచ్చు. విషెహ్రాడ్ పాత కోట కూడా ఉంది. చెక్ సంగీతకర్తలు ద్వోర్జాక్, స్మెతనా సమాధులు అక్కడే. జిజ్కోవ్ నుంచి నడిచి వెళ్తే ఒక పూట అయిపోతుంది.

అడుగులు:
ఒక పూట పోతే పోనివ్వండి. వదిలేసినవి ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తారు, డ్రెస్డెన్ పక్కనే కదా. రెండు రోజుల్లో అన్నీ చూసేయాలన్న తొందర వల్లే ట్రామ్ అవసరం అనిపిస్తోంది.

ఇరవైరెండో నంబర్:
ఇంకోసారి వస్తారని మీరెలా చెప్పగలరండీ? థీసిస్, ఉద్యోగ ప్రయత్నాలు మొదలైతే స్టూడెంట్లకు ఇలాంటి వీకెండ్ మళ్లీ దొరకడం కష్టం.

కృష్ణలంక అమ్మాయి:
పాస్ కొనను, కావలసినప్పుడు విడి టికెట్లు తీసుకుంటాను. శనివారం పొద్దున సొరంగం దారి, రాత్రి ట్రామ్. ఆదివారం ముందు యోసెఫోవ్, తర్వాత ఓపికను బట్టి పొహోర్జెలెత్స్. ఆదివారం రూమ్ పది గంటలకే ఖాళీ చేయాలి. బ్యాగ్ ఎక్కడ పెట్టాలి?

వినోహ్రాడీ నుంచి:
మీ ట్రైన్ మెయిన్ స్టేషన్ నుంచే అయితే అక్కడే లగేజీ లాకర్లున్నాయి. జిజ్కోవ్‌కి దగ్గరే. చిల్లర కొరునాలు (చెక్ కరెన్సీ) దగ్గర పెట్టుకోండి.