ఇంటర్ అయిపోయిన పిల్లవాడికి ముందు సీ నేర్పించాలా, పైథానా?

పటమట నాన్న:
మావాడు ఇంటర్ ఎంపీసీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. ఇంజనీరింగ్ క్లాసులకి ఇంకా రెండు నెలలుంది. సీఎస్ఈ అంటున్నాడు గానీ ఇంతవరకు ఒక్క లైను కోడ్ రాసిన పాపాన పోలేదు. ఏలూరు రోడ్డులో ఒక సెంటర్‌కి వెళ్లి అడిగితే సీ లాంగ్వేజ్, నలభై అయిదు రోజులు అన్నారు. లోపలికి తొంగి చూస్తే అన్ని కంప్యూటర్ల మీదా నీలం తెర. నేను డిగ్రీలో సీ ప్రోగ్రాములు రాసిన పాత సాఫ్ట్‌వేర్, టర్బో సీనే! పాత స్నేహితుడు ఎదురైనట్టయింది గానీ, ఇంకా ఇదేనా అని అనుమానం కూడా వచ్చింది. మా బావమరిదేమో హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "సీ వద్దు బావా, నేరుగా పైథాన్ పెట్టించు" అంటాడు. ఆరో తరగతి చదివే మా పాప స్కూల్లో బ్లాకులు అతికించి ప్రోగ్రాములు చేసే స్క్రాచ్ నేర్చుకుని తెర మీద పిల్లి బొమ్మని గెంతిస్తోంది, అన్నయ్యకి నేనే నేర్పుతానంటోంది. ఇంట్లో ఉన్నది పాత లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఏది మొదలుపెట్టించమంటారు? ఫీజు సంగతి తర్వాత చూసుకుంటాను. వారం తిరక్కుండా విసుగెత్తి మానేస్తాడేమోనని నా టెన్షన్.

బ్రాడీపేట మాస్టారు:
ఇరవై ఏళ్లుగా గుంటూరులో ట్యూషన్ చెబుతున్నాను. మొహమాటం లేకుండా చెబుతా: సీ. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో ఎలాగూ అదే రాయాలి, ఆ సంగతి అలా ఉంచండి. సీలో ప్రతి వేరియబుల్‌కీ, అంటే విలువ దాచుకునే పేరుకీ, ఇది పూర్ణాంకమా, దశాంశమా, అక్షరమా అని ముందే చెప్పాలి. అరే (array), అంటే విలువల వరస, ఎంత పెద్దదో చెప్పాలి. మెమరీలో దేనికెంత చోటు పడుతుందో పిల్లవాడికి చేతికి తగులుతుంది. పైథాన్‌లో ఇవన్నీ తెర వెనక జరిగిపోతాయి. మీరంతా వాడే ఆ పైథాన్‌ని రాసిందీ సీలోనే. ముందు పైథాన్ నేర్చుకుని తర్వాత సీకి వచ్చినవాళ్లు పాయింటర్ల (మెమరీ చిరునామాల) దగ్గర బోర్లా పడటం ఏటా చూస్తున్నాను. నేల విడిచి సాము చేయించకండి.

టిక్కీ లెక్కలు:
మాస్టారూ, సీ మీద నాకు గౌరవమే. నా గొడవంతా ఆ నీలం తెరతో. మాది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. ఫస్టియర్ సెలవుల్లో మా నాన్న దగ్గర గొప్పకి పోయి బిల్లు లెక్క కట్టే ప్రోగ్రామ్ రాశాను. క్వింటా 15,000, మూడు క్వింటాళ్లు. 45,000 రావాలి కదా? తెర మీద మైనస్ 20,536! నాన్న కళ్లజోడు సర్దుకుని "అయితే రైతే మనకి ఎదురివ్వాలంటావా?" అన్నారు. రెండు రోజులు నా గుణకారంలో తప్పు వెతుక్కున్నాను. సంగతేమిటంటే, టర్బో సీ 16 బిట్ల డాస్ కాలం నాటిది. అందులో ఇంట్‌కి, అంటే పూర్ణాంకానికి, చోటు రెండే బైట్లు. 32,767 దాటితే గిర్రున తిరిగి మైనస్‌లో పడుతుంది. 45,000లోంచి 65,536 తీసేసి చూడండి, సరిగ్గా ఆ అంకే. ఇప్పుడు మన లాప్‌టాప్‌లలో జీసీసీ అనే ఉచిత సీ కంపైలర్ వాడితే ఇంట్‌కి నాలుగు బైట్లు, 214 కోట్ల దాకా ఢోకా లేదు. పైగా టర్బో 64 బిట్ల విండోస్ మీద తనంతట తను నడవదు, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపించాలి. సీ నేర్పండి, ఎవరు కాదన్నారు? 1990ల మొదట్లోని డబ్బాలో పెట్టి మాత్రం నేర్పకండి.

సింగ్‌నగర్ సెకండియర్:
నేను సీతోనే మొదలుపెట్టాను అంకుల్. రెండో వారంలో కీబోర్డ్ నుంచి విలువ తీసుకునే స్కాన్ఎఫ్ లో యాండ్ గుర్తు (&) మర్చిపోయా. కంపైల్ అయింది, ఎర్రర్ ఏమీ లేదు. రన్ చేస్తే ఏదో చెత్త నంబరు వచ్చింది. మళ్లీ చేస్తే ప్రోగ్రామే ఆగిపోయింది. సార్ నా దగ్గరికి వచ్చేసరికి ల్యాబ్ టైమ్ అయిపోయింది. ఇది నాకు రాదులే అనుకున్నది ఆ రోజే, ఆరు నెలలు ఆ భయం పోలేదు.

తర్వాత మా సీనియర్ అక్క థోనీ అని, పైథాన్ రాసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీవాళ్లు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే చేసింది, ఉచితం. పైథాన్ దాంతోపాటే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేసి పాత్ సెట్ చేసుకునే తలనొప్పి ఉండదు. మీ 4 జీబీ లాప్‌టాప్‌కి బరువు కాదు. వ్యూ మెనూలో వేరియబుల్స్ అని టిక్ పెడితే, ఏ పేరులో ఇప్పుడు ఏ విలువ ఉందో పక్కనే కనిపిస్తుంది. డీబగ్ నొక్కితే ఒక్కో లైను ఆగి ఆగి నడుస్తుంది, రెండూ మూడూ కలిసి అయిదుగా మారడం కూడా కళ్లముందే చూడొచ్చు. ఇఫ్ లైను చివర కోలన్ మర్చిపోయామనుకోండి, పైథాన్ 3.10 నుంచి "ఇక్కడ కోలన్ ఉండాలి" అని సూటిగా చెబుతుంది. మీ అబ్బాయి తప్పు చేసినప్పుడు పక్కన ఎవరూ ఉండరు కదా అంకుల్. అప్పుడు ఆ టూల్ ఏం చెబుతుందో చూసుకోండి. సీనా పైథానా అన్నది నా లెక్కలో తర్వాతి మాట.

బ్రాడీపేట మాస్టారు:
పైథాన్ అన్నీ చెబుతుందా అమ్మా? ఇన్‌పుట్ పెట్టి 5, 7 తీసుకుని కూడమను. 57 అంటుంది. ఎర్రర్ రాదు, నీ కోలన్ సలహా రాదు. సీలో ముందే ఇంట్ అని రాయించి ఉంటే ఈ అనర్థం ఉండేదా? ఇక యాండ్ గుర్తంటావా, జీసీసీలో వార్నింగులు ఆన్ చేస్తే అదీ పట్టిస్తుంది.

సింగ్‌నగర్ సెకండియర్:
57 నాకూ వచ్చింది మాస్టారూ! థోనీలో పక్క గడి చూస్తే 5 కీ 7 కీ చుట్టూ కొటేషన్లు ఉన్నాయి. అంకెలకి కొటేషన్లు ఎందుకున్నాయా అని ఆలోచిస్తే తట్టింది, వాటిని మాటల్లా తీసుకుని పక్కపక్కన అతికించేసిందని. ఇంట్ అని చుట్టేస్తే 12 వచ్చింది. ఎవర్నీ అడగలేదు. ఆ వార్నింగుల సంగతి మాకు ల్యాబ్‌లో చెప్పి ఉంటే సీ మీదా ఇంత కోపం ఉండేది కాదేమో.

బ్రాడీపేట మాస్టారు:
అది ఒప్పుకుంటా. వార్నింగులు మొదటిరోజు నుంచే చూపించాలి. టర్బోని నేనూ మూడేళ్ల కిందటే వదిలేశాను, ఇక్కడ చెప్పలేదంతే. సీయే ముందు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

భవానీపురం బుల్లోడు:
లాప్‌టాప్ గొడవెందుకండీ, ఫోన్లో పైథాన్ రాసుకునే యాప్ పైడ్రాయిడ్ ఉందిగా.

టిక్కీ లెక్కలు:
ఉంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. బస్సులో అయిదారు లైన్లకి బాగానే ఉంటుంది. ఇరవై లైన్లు దాటాక సగం తెర కీబోర్డే మింగేస్తుంది, పైన ఏం రాశామో కనబడదు. ఈలోగా వాట్సాప్ మోగుతుంది, ఇక ఆ రోజుకి అంతే.

గుణదల టీచర్:
ఆ పిల్లి బొమ్మని అందరూ వదిలేశారు. స్క్రాచ్ 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చింది, ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లల కోసం. అందులో బ్లాకులు కుదిరే చోటే అతుక్కుంటాయి కాబట్టి కోలన్ మర్చిపోవడం, బ్రాకెట్ మర్చిపోవడం అన్న గొడవే లేదు. ఆలోచన ఒక్కటే తప్పొచ్చు. మా క్లాసులో ఏడో తరగతి పిల్లలు లూప్‌ని, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడాన్ని, ఒక్క పీరియడ్‌లో పట్టేశారు. అయితే పదిహేడేళ్ల అబ్బాయిని పిల్లి ముందు కూర్చోబెడితే చిన్నతనంగా అనుకుంటాడు, అదీ నిజమే. దానికి మధ్య దారి తాబేలు. 1967లో సీమోర్ పాపర్ట్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు పిల్లల కోసం చేసిన లోగో భాష నుంచి వచ్చిన ఆలోచన ఇది, ఇప్పుడు పైథాన్‌లోనే టర్టిల్ పేరుతో ఉంది. ముందుకు నడువు, ఇన్ని డిగ్రీలు తిరుగు అంటే గీత గీస్తుంది. మా పిల్లలు దాంతో సంక్రాంతి ముగ్గులు వేశారు. ఒక అమ్మాయి వేరియబుల్‌కి తెలుగులోనే "చుక్కలు" అని పేరు పెట్టింది. పైథాన్ 3 ఏమీ అనకుండా తీసుకుంది!

భవానీపురం బుల్లోడు:
ఇవన్నీ ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది కదండీ.

సింగ్‌నగర్ సెకండియర్:
రాస్తుంది అన్నయ్యా. ల్యాబ్ ఎగ్జామ్‌లో ఫోన్ బయట పెట్టిస్తారు.

పటమట నాన్న:
నాలుగు రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. సెంటర్‌లో కట్టలేదు, థోనీ పెట్టాం. మొదటి రోజే 57 వచ్చింది. నేను చెప్పబోతుంటే మా ఆవిడ నోరు నొక్కింది. పావుగంట గింజుకున్నాడు గానీ వాడే పట్టుకున్నాడు. నిన్న తాబేలుతో చదరం గీయడానికి ముందుకు, తిరుగు అని ఎనిమిది లైన్లు రాశాడు. మా పాప వెనకనుంచి చూసి "నాలుగుసార్లు రిపీట్ అంటే చాలదా అన్నయ్యా, మా పిల్లికి అంతే చెబుతాం" అంది. వాడు కాసేపు ముఖం ముడుచుకుని, తర్వాత ఫర్ లూప్ ఎలా రాయాలో వెతుక్కున్నాడు. ఈరోజు ఇద్దరూ కలిసి చుక్కల ముగ్గు మొదలుపెట్టారు, గీతలు చుక్కల మీంచి పోతున్నాయి.

మాస్టారూ, కాలేజీకి నెల ముందు వాణ్ని సీకి మారుద్దామనుకుంటున్నాను, జీసీసీలోనే. బ్రాడీపేటలో మీకు ఆదివారం బ్యాచ్ ఉందా?

బ్రాడీపేట మాస్టారు:
ఉంది. పొద్దున్నే ఏడింటికి. ఆ లాప్‌టాప్‌నే తెచ్చుకోమనండి.