గుర్రప్పిల్ల కాలు విరిగితే ఆపరేషన్ చేయించాలా, వదిలేయాలా?

కావలి కుర్రోడు: మా బాబాయి పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పుతాడు. 3 నెలల పిల్లకి ముందు కాలు మోకాలి కింద విరిగింది, తల్లి తొక్కిందేమో. చర్మం చీలలేదు. మద్రాసు వేపేరి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి ప్లేటు వేయించమంటున్నారు. ఏం చేయమంటారన్నా?

ఒంగోలు గిత్త: వద్దు తమ్ముడూ. అమెరికాలో బార్బరో అని, 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన గుర్రం, రెండు వారాలకే ఇంకో పందెంలో వెనక కాలు విరగ్గొట్టుకుంది. ప్లేటు, స్క్రూలు, పేరున్న డాక్టర్లు, డబ్బుకి లోటే లేదు. చివరికి బరువంతా మోసిన మిగతా కాళ్ల గిట్టలు పాడైపోయి 2007 జనవరిలో ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారు. వాళ్లకే కానిది కావల్లో అవుద్దా?

రిటైర్డ్ పశువైద్యుడు: అది పెద్ద గుర్రమయ్యా. పిల్ల తేలిక, ఎముక తొందరగా అతుక్కుంటుంది. దీనికుండే ప్రమాదాలు వేరు. మోకాలి కింద కండ ఉండదు, రక్తం తక్కువ, ప్లేటుకి ఇన్ఫెక్షన్ పడితే తగ్గించడం కష్టం. బరువు మోసే మంచి కాలు వంకర పోతుంది. ఎముక ఎదిగే చోట విరిగుంటే ఆ కాలూ వంకరగా పెరగొచ్చు.

ఒంగోలు గిత్త: 3 ఏళ్ల గుర్రం పెద్దదా సార్? బార్బరోకి 3 ఏళ్లేనండీ!

కొండపి శీను: పుత్తూరు కట్టు వేయించండి, ఖర్చు తక్కువ.

రిటైర్డ్ పశువైద్యుడు: పిల్ల రోజూ ఎదుగుతుంది శీనూ. ఏ కట్టయినా రెండు వారాల లోపు మార్చకపోతే బిగుసుకుని పుండు పడుతుంది. ఎక్కువకాలం ఉంచితే టెండన్లు (కండని ఎముకకి పట్టి ఉంచే తాళ్లలాంటివి) వదులై గిట్ట ముందుభాగం పైకి లేస్తుంది. (గిత్త గారూ, వయసు కాదు, బరువు చూడండి.)

ఒంగోలు గిత్త: నేను చూసొచ్చానండీ! మా ఆడ గుర్రప్పిల్లకి ఆపరేషన్ బ్రహ్మాండం అన్నారు, మత్తు దిగేటప్పుడు తూలి లేచి మళ్లీ విరగ్గొట్టుకుంది. బిల్లు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

రిటైర్డ్ పశువైద్యుడు: మీది పోయిందని అందరివీ పోవాలా?

ఒంగోలు గిత్త: బతికి కుంటితే ఎవరు మేపుతారు, మీరు మేపుతారా? ఊరేగింపుకి పనికిరాని గుర్రానికి ఇరవై ఏళ్లు దాణా ఎవడు పెడతాడు?

రిటైర్డ్ పశువైద్యుడు: ఆ మాట మొదటే అనుండొచ్చు కదా, మధ్యలో బార్బరో ఎందుకు?

కావలి కుర్రోడు: బాబాయీ అదే అంటున్నాడు, కుంటిదాన్ని మేపనని. పిన్ని మాత్రం నేను మేపుకుంటానంటోంది. బండి మాట్లాడేశా.

రిటైర్డ్ పశువైద్యుడు: అయితే ముందు మందంగా దూది చుట్టి, గిట్ట నుంచి మోచేయి దాకా వెనకొకటి, పక్కనొకటి బద్దలు పెట్టి బిగించండి. ముందు కాలు కాబట్టి బండిలో తల వెనక్కి ఉండాలి, బ్రేకు వేస్తే బరువు మంచి కాళ్ల మీద పడుతుంది. తల్లినీ ఎక్కించండి, లేకపోతే పిల్ల గింజుకుంటుంది.

ఒంగోలు గిత్త: తల్లికి కూడా బాడుగ! రాసిపెట్టుకో తమ్ముడూ.