ఇంట్లో మౌత్ ఆర్గాన్‌కి మైక్, యాంప్: తక్కువ ఖర్చులో ఏవి తీసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏడాదిగా మౌత్ ఆర్గాన్ నేర్చుకుంటున్నాను. నా దగ్గర 10 రంధ్రాల సి కీ డయాటోనిక్ ఒకటి, 24 రంధ్రాల ట్రెమోలో ఒకటి ఉన్నాయి. పాత బ్లూస్ రికార్డుల్లో వినిపించే ఆ బొంగురు గొంతు లాంటి బరువైన శబ్దం నాకు ప్రాణం. వట్టి చేతులతో వాయిస్తే అలా రావడం లేదు. మైక్‌ని గుప్పిట్లో పట్టుకుని యాంప్‌లోకి వాయిస్తే వస్తుందని తెలిసింది. కానీ వివరాలు వెతికితే బుల్లెట్ మైక్, ట్యూబ్ యాంప్, ట్రాన్స్‌ఫార్మర్, పెడల్ అని ఏవేవో చెబుతున్నారు. అవన్నీ కొనే స్తోమత నాకు లేదు. ఇంట్లో ఒక గదిలో వాయించుకోవడానికే, స్టేజీ ఎక్కే ఆలోచన ఇప్పట్లో లేదు. మా తమ్ముడి దగ్గర 10 వాట్ల చిన్న గిటార్ యాంప్ ఉంది. అది పనికొస్తుందా? మైక్ ఏది తీసుకోవాలి? గిటార్ యాంప్‌లో మైక్ పెడితే యాంప్ పాడవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీ తమ్ముడి యాంప్ ఉంది కాబట్టి సగం ఖర్చు తప్పినట్టే అండి. యాంప్‌కి ఏమీ కాదు. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, గిటార్ నుంచి వచ్చేదానికంటే తక్కువ. కాబట్టి ఇప్పుడు మీరు కొనాల్సింది మైక్ ఒక్కటే.

మైక్ మాత్రం డైనమిక్ రకమే తీసుకోండి, అంటే పాటగాళ్లు చేత్తో పట్టుకుని పాడేది. షూర్ కంపెనీ ఎస్‌ఎం 58 మైక్ 1966 నుంచి వస్తోంది, దాని అన్న ఎస్‌ఎం 57 అంతకు ఏడాది ముందే వచ్చింది. ఈ రెండింటితోనూ స్టేజీల మీద హార్మోనికా (మన మౌత్ ఆర్గాన్) వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. అవే కొనాలని కాదు, అదే పద్ధతిలో తయారైన చవక డైనమిక్ మైక్ ఏదైనా ఇంటికి సరిపోతుంది. వైరు చివర లావు జాక్‌తో వచ్చే కరోకే మైక్ అయితే నేరుగా గిటార్ యాంప్‌లోకి దూరుతుంది, వేరే వైరు కూడా అక్కర్లేదు.

కండెన్సర్ మైక్ జోలికి వెళ్లకండి. నేను మొదట అదే కొన్నాను. రికార్డింగుకి బాగుంటుందన్నారు కదా అని తీసుకున్నాను. అది నా వాయిద్యంతో పాటు ఫ్యాన్ చప్పుడు, పక్క గదిలో మాటలు, నా ఊపిరి అన్నీ పట్టేసేది. యాంప్ కొంచెం పెంచగానే కీచుమని కూత మొదలయ్యేది. నోటి తేమ కూడా ఆ రకం మైకులకు మంచిది కాదు. నెల తిరక్కుండానే పక్కన పెట్టేశాను.

కొనే ముందు ఒక్కసారి మైక్‌ని హార్మోనికాతో కలిపి పట్టుకుని చూడండి. చేతికి ఇమడని మైక్ ఎంత మంచిదైనా దండగే. ఎందుకంటే మీరు కోరుకునే శబ్దం పుట్టేది మైక్‌లో కాదు, మీ గుప్పిట్లో. హార్మోనికాని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటారు కదా. మైక్ తలను హార్మోనికా వెనక మిగతా మూడు వేళ్లకు ఆనించి, కుడి అరచేతిని చుట్టూ తిప్పి మూసేయండి. హార్మోనికాకీ మైక్ జాలీకీ మధ్య వేలి మందమంత ఖాళీ ఉండాలి, కానీ చుట్టూ గాలి బయటికి పోయే సందు ఉండకూడదు. ఇప్పుడు 4వ రంధ్రంలో మెల్లగా గాలి పీల్చి ఆ స్వరాన్ని అలాగే పట్టుకోండి. పట్టుకునే కుడిచేతి చిటికెనవేలు ఒక్కటి పైకెత్తండి. శబ్దం ఒక్కసారిగా పలచబడి, సన్నగా, మెరుపుగా మారుతుంది. మళ్లీ మూయండి, గుండ్రంగా, బరువుగా అయిపోతుంది. ఈ తేడా మీ చెవికి స్పష్టంగా తెలిస్తే ఆ మైక్ మీకు సరిపోయినట్టే.

గుప్పిట లోపల గాలి బయటికి పోని ఆ చిన్న ఖాళీలో శబ్దం వత్తిడి బాగా పెరుగుతుంది, పై స్వరాల పదును తగ్గుతుంది. బలమైన సిగ్నల్ యాంప్‌లోకి వెళ్లి అక్కడ కాస్త చిట్లుతుంది, అంటే డిస్టార్ట్ అవుతుంది. మీకు ఇష్టమైన బొంగురుతనం అదే. 1950ల మొదట్లో షికాగోలో బ్లూస్ హార్మోనికా వాద్యకారుడు లిటిల్ వాల్టర్ ఈ పద్ధతిలో వాయించి హార్మోనికా స్వరూపాన్నే మార్చేశాడు. అప్పట్లో వాళ్లు వాడినవి ఉపన్యాసాలకూ ప్రకటనలకూ వాడే మామూలు మైకులే, హార్మోనికా కోసమని తయారైనవి కావు.

మరొకరు:

అన్నగారు చెప్పింది నిజమే గానీ, ఆ అసలు శబ్దం బుల్లెట్ మైక్‌తోనే వస్తుంది. నేను షూర్ వాళ్ల గ్రీన్ బుల్లెట్ అనే బుల్లెట్ మైక్ వాడుతున్నాను, ఎస్‌ఎం 58తో ఆ రుచి రాదు. చవకవి రెండు మూడు కొని పారేసేకంటే ఒకేసారి మంచిది కొనుక్కోవడం మేలు కాదా?

జవాబు:

మీ గ్రీన్ బుల్లెట్ శబ్దం నాకూ ఇష్టమే అండి. అది 1949లో సమాచార పంపిణీ పనుల కోసం వచ్చిన మైక్, మాట స్పష్టంగా వినబడాలని చేశారు. దాని తర్వాతి రూపం 520డీఎక్స్ 100 నుంచి 5,000 హెర్ట్జ్ వరకే పడుతుంది. ఎస్‌ఎం 58 అయితే 50 నుంచి 15,000 దాకా వెళుతుంది. పై స్వరాలు కత్తిరించేయడం వల్లే బుల్లెట్‌లో ఆ ముతకదనం. యాంప్‌లో ట్రెబుల్ బాగా తగ్గిస్తే మామూలు మైక్‌తోనూ దానికి దగ్గరగా రావచ్చు, అచ్చం అలాగే మాత్రం కాదు.

అయినా కొత్తవాళ్లకు నేను బుల్లెట్ చెప్పను. అది లావు, బరువు. గుప్పిట మూయడం ఇంకా చేతకాని దశలో ఆ బరువుతో మణికట్టు నొప్పెడుతుంది, నొప్పెడితే గుప్పిట తెరుచుకుంటుంది, శబ్దం పలచబడుతుంది. అప్పుడు ఇంత పెట్టి కొన్నా రావడం లేదే అని దిగులు. ఆరు నెలలు చిన్న మైక్‌తో చెయ్యి కుదిరాక బుల్లెట్ కొంటే దాని విలువ తెలుస్తుంది. పాత క్రిస్టల్ మైకులు వాడేసినవి చవకగా దొరికితే మాత్రం జాగ్రత్త. వాటి లోపలి స్ఫటికం వేడికీ తేమకూ చచ్చిపోతుంది. వాయించి వినకుండా కొనొద్దు.

అడిగినవారు:

చాలా ధన్యవాదాలు అండి. ఇంట్లో ఎక్కడో పడి ఉన్న పాత డైనమిక్ మైక్ దొరికింది. దాని అడుగున మూడు పిన్నుల సాకెట్ ఉంది. మూడు పిన్నుల నుంచి లావు జాక్‌కి మారే వైరు తెచ్చి యాంప్‌లో పెట్టాను. శబ్దం వస్తోంది గానీ చాలా తక్కువ. వాల్యూమ్ పెంచితే కీచుమంటోంది. గుయ్‌మని ఒక హమ్ కూడా వస్తోంది. ట్రెమోలో అయితే మరీ గందరగోళంగా వినిపిస్తోంది.

జవాబు:

శబ్దం తక్కువ రావడానికి కారణం ఇంపిడెన్స్ తేడా, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డులో తేడా, దాన్ని ఓముల్లో కొలుస్తారు. మీ మైక్‌ది కొన్ని వందల ఓములు ఉంటుంది. గిటార్ యాంప్ మాత్రం సుమారు 10 లక్షల ఓముల ఇన్‌పుట్‌తో, గిటార్‌కి తగ్గట్టు తయారవుతుంది. దీనికి మందు ఇంపిడెన్స్ ట్రాన్స్‌ఫార్మర్. బొటనవేలంత లావున, ఒకవైపు మూడు రంధ్రాలతో, ఇంకోవైపు లావు జాక్‌తో ఉంటుంది. బ్యాటరీ, కరెంటు ఏమీ అక్కర్లేదు. సిగ్నల్ వోల్టేజీని దాదాపు పది రెట్లు పెంచుతుంది. దాన్ని యాంప్ చివర పెట్టండి, మైక్ చివర కాదు. అప్పుడు పొడుగు వైరులో తక్కువ ఇంపిడెన్స్ సిగ్నలే నడుస్తుంది కాబట్టి హమ్ కూడా తగ్గుతుంది. అయితే వైరు రెండు వైపులా మూడు పిన్నులది కావాలి, మీరు తెచ్చింది దీనికి పనికిరాదు. మీ యాంప్‌కి విడిగా మైక్ ఇన్‌పుట్ ఉంటే ఇదంతా అవసరం లేదు. రోలాండ్ మైక్రో క్యూబ్ లాంటి చిన్న యాంపుల్లో మైక్ అనే సెట్టింగే ఉంటుంది.

కీచు శబ్దం సంగతి. స్పీకర్ నుంచి వచ్చింది మళ్లీ మైక్‌లోకి వెళ్లి, మళ్లీ స్పీకర్‌లోకి వచ్చి గిరగిరా తిరగడమే అది. పాటగాళ్ల మైక్ వెనక నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోకుండా జాలీ కింద సన్నని సందులు ఉంటాయి. మనం గుప్పిట్లో మూసేసరికి ఆ సందులూ మూసుకుపోతాయి, అప్పుడు అది అన్ని వైపుల నుంచీ వింటుంది. అందుకే పాడేటప్పుడు అరవని మైక్ మన చేతిలో అరుస్తుంది. యాంప్‌ని గది ఆ మూలకు, మీ మోకాళ్ల ఎత్తున పెట్టి, స్పీకర్ ముఖం మీకు సూటిగా లేకుండా పక్కకు తిప్పండి. యాంప్‌లో క్లీన్ చానెల్, అంటే డిస్టార్షన్ కలపనిది, వాడండి. గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) బాగా కిందికి, ట్రెబుల్ 2 దగ్గర, మిడ్ 5, బేస్ 6 పెట్టి మొదలుపెట్టండి. వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోండి, కూత మొదలయ్యే చోటు గుర్తుపట్టి దానికి కొంచెం వెనక్కి రండి. గిటార్‌కి వాడే డిస్టార్షన్ బటన్ ముట్టుకోకండి, దానితో హార్మోనికాకి వచ్చేది కూతే. వాయించడం ఆపి గుప్పిట తెరిచే ముందు యాంప్ తగ్గించడం అలవాటు చేసుకోండి. చాలా కూతలు పుట్టేది ఆ క్షణంలోనే.

హమ్ గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే వినొద్దు. తడి పెదవులు, చెమట చేతులు లోహపు జాలీని తాకుతూ ఉంటాయి. యాంప్‌లో లోపం వచ్చిన రోజు ఎర్త్ లేకపోతే షాక్ మన నోటికే కొడుతుంది. ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. మైక్ వైరు తీసేసినా హమ్ అలాగే ఉంటే అది యాంప్‌ది. వైరు పెట్టినప్పుడే వస్తే వైరుదో, పక్కన ఉన్న చార్జర్‌దో. ఫోన్ చార్జర్లు, లైటు డిమ్మర్లు దూరంగా పెట్టి చూడండి.

ట్రెమోలో తప్పు మీది కాదు. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు, ఒకదానికొకటి పిసరంత తేడాతో శ్రుతి చేసి ఉంటాయి. ఆ తేడా వల్లే ఆ తీయని వణుకు. ఆ రెండూ కలిసి చిట్లే యాంప్‌లోకి వెళ్తే వణుకు కాస్తా గరగరగా మారుతుంది. పైగా అంత పొడుగు వాయిద్యాన్ని గుప్పిట్లో మూయడం కష్టం. ట్రెమోలోకి మైక్‌ని స్టాండ్‌కి పెట్టి, జానెడు దూరంలో నిలబడి, క్లీన్ శబ్దంతో కాస్త రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) కలిపి వాయించండి. చాలా హాయిగా ఉంటుంది. బొంగురు శబ్దానికి డయాటోనిక్ చాలు.

మరొకరు:

మాది అపార్ట్‌మెంట్ అండి, రాత్రిపూట యాంప్ పెట్టలేను. ఇదే మైక్‌ని బ్లూటూత్ స్పీకర్‌తోనో, ఫోన్‌తోనో వాడొచ్చా?

జవాబు:

బ్లూటూత్ ద్వారా వాయిస్తే మీరు ఊదిన స్వరం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. సెకనులో పదో వంతు ఆలస్యమైనా లయ తప్పుతుంది. ఆ స్పీకర్‌కే మైక్ వైరు పెట్టే చోటు ఉంటే ఆ దారిలో ఫర్వాలేదు. రాత్రిపూటకు అన్నిటికంటే మంచిది, హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న చిన్న యాంప్. హెడ్‌ఫోన్‌లో కూత అనే మాటే ఉండదు, కాబట్టి గుప్పిట సాధనకు అది బంగారం. కంప్యూటర్ ఉంటే, నేరుగా మన శబ్దం వినే ఏర్పాటు ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కూడా పనిచేస్తుంది.

అడిగినవారు:

ట్రాన్స్‌ఫార్మర్, వైరు రెండూ తెచ్చాను. యాంప్ మూలకు జరిపాను. నిన్న సాయంత్రం 4వ రంధ్రంలో పీల్చి, గుప్పిట గట్టిగా మూసేసరికి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ వింటున్న శబ్దం నా చేతుల్లోంచి వచ్చింది! తర్వాత ట్యూబ్ యాంప్ కొనాలా, పెడల్ కొనాలా?

జవాబు:

చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పుడప్పుడే రెండూ వద్దు. ఇంట్లో 5 వాట్ల ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది) కూడా చెవులు గింగిరుమనేంత శబ్దం చేస్తుంది. ఎప్పుడైనా కొంటే మొదటి ట్యూబ్ 12ఏఎక్స్7 ఉన్నచోట 12ఏయూ7 పెట్టించుకోండి, గెయిన్ బాగా తగ్గి కూత తగ్గుతుంది. యాంప్ వెనక మూత మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. పెడల్ కొనేటప్పుడు డిలే ఒక్కటి చాలు, ఒకటి రెండు ప్రతిధ్వనులు, అవి కూడా అసలు స్వరం వెనక దాక్కునేలా.

ఆ డబ్బు మిగిలితే ఎ కీలో ఇంకో హార్మోనికా కొనుక్కోండి. మైక్ వచ్చాక గట్టిగా ఊదాలనిపిస్తుంది, అలా ఊదితే రీడ్లు శ్రుతి తప్పి, చివరికి విరిగిపోతాయి. గట్టిదనం యాంప్ చూసుకుంటుంది, మీరు మాట్లాడేటప్పుడు వదిలేంత ఊపిరితోనే వాయించండి. వాయించాక మైక్ జాలీని పొడి గుడ్డతో తుడిచి, తేమ ఆరాకే పెట్టెలో పెట్టండి.