తాతయ్య చేసిన పెట్టె: పూత మొత్తం గీకేయాలా, ఉన్నదాన్నే నిలబెట్టాలా?

ప్రశ్న

మా తాతయ్య తన చేతులతో చేసిన టేకు పెట్టె ఈ మధ్య నా దగ్గరికి వచ్చింది. మూడడుగుల పొడవు, నాలుగు మూలలా నిలువు కాళ్ళు, పైన బరువైన మూత. మూత మీద రెండు తెల్లటి గుండ్రటి మచ్చలున్నాయి. ఇనుప తాళం రేకు చుట్టూ నల్లటి మరక ఉంది. మూత మధ్యలో నార వెంబడి జానెడు పగులు. వెనక కాళ్ళ అతుకులు వదులై, కదిపితే పెట్టె కిర్రుమంటోంది. అడుగు చెక్కకు సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి. పైపూత జిడ్డుగా, దాదాపు నల్లగా మారింది.

మిషనుతో మొత్తం గీకించి కొత్త వార్నిష్ వేయించమని చూసినవాళ్ళంతా అంటున్నారు. కానీ మూత లోపలి వైపు తాతయ్య పెన్సిలుతో గీసుకున్న కొలతల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అవి పోతే నాకు ఆ పెట్టె ఉన్నా లేనట్టే. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (పాత కొయ్య సామాను బాగుచేసే వడ్రంగి)

ముందుగా గరుకు కాగితాన్ని ఇంట్లో కనపడని చోట పెట్టండి. మీరు చెప్పినవాటిలో ఒక్కదానికి కూడా మొత్తం గీకడం మందు కాదు. ఏళ్ళ తరబడి వెలుతురు, గాలి, చేతుల స్పర్శ తగిలి కొయ్య పైపొరకు వచ్చిన రంగు చాలా పలుచన. మిషను దాన్ని నిమిషాల్లో తీసేస్తుంది, ఆ తర్వాత ఏ రంగు పూసినా అది తిరిగి రాదు. చిత్రిక పట్టినప్పుడు చేతి కింద మిగిలిన చిన్న చిన్న ఎత్తుపల్లాలు కూడా అలాగే పోతాయి.

మొదటి పని పొడి సంగతి తేల్చడం. మిగతా సమస్యలు ఎన్నాళ్ళయినా ఆగుతాయి, పురుగు ఆగదు. రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటివి, పొడి మెత్తటి పిండిలా ఉంటే అది పుచ్చు పురుగు. మట్టి గూళ్ళు కనిపించి, చెక్క లోపల డొల్లగా మోగితే చెదలు. మీరు చెప్పిన గుర్తులు పుచ్చు పురుగువే. అయితే టేకు చేవను ఈ పురుగు సాధారణంగా ముట్టదు. చేవ చుట్టూ ఉండే లేత, తెల్లటి కర్రలోని పిండిపదార్థమే దానికి ఆహారం. కాబట్టి అడుగు చెక్క వేరే కర్రదై ఉండాలి, లేదా అంచున లేత కర్ర కలిసిన టేకు అయి ఉండాలి.

రంధ్రాలు ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు. అవి పురుగు బయటికి వెళ్ళిపోయిన దారులు. పాత దారుల్లో మిగిలిన పొడి పెట్టెను కదిపినప్పుడల్లా రాలుతూనే ఉంటుంది. అందుకని పొడినంతా బ్రష్షుతో దులిపి, ఉన్న రంధ్రాలను మైనంతో మూసి, అడుగున నల్ల కాగితం పరిచి, కదపకుండా కొన్ని వారాలు చూడండి. కాగితం మీద కొత్త పొడి కనిపిస్తేనో, మైనం లేని చోట కొత్త రంధ్రం వస్తేనో పురుగు బతికే ఉంది. అప్పుడు బోరేటు లవణాల ద్రావణం పట్టించాలి. అది పూత లేని కొయ్యలోకే ఇంకుతుంది. మీ అడుగు చెక్క కింది వైపు ఎలాగూ పూత ఉండదు కాబట్టి అక్కడ పని సులువే. కిరోసిన్ పోయమని ఎవరైనా చెబితే వద్దనండి. నిప్పు భయం ఒకటి, ఎన్నేళ్ళయినా వదలని వాసన ఇంకొకటి.

ఈలోగా పైపూత ఏమిటో తెలుసుకోండి. పెట్టె వెనక వైపు, ఎవరికీ కనపడని చోట ఎంచుకోండి. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, గట్టిగా పిండిన గుడ్డతో మురికి తుడిచి ఆరనివ్వండి. తర్వాత టర్పెంటైన్ తడిపిన గుడ్డతో పాత మైనం తీసేయండి. టర్పెంటైన్ మైనాన్ని కరిగిస్తుంది, లక్క పూతను ఏమీ చేయదు. ఇప్పుడు పాలిష్‌కు వాడే స్పిరిట్ ఒక్క చుక్క వేయండి. నిమిషంలో జిగటగా మారితే అది లక్క పాలిష్. మారకపోతే పక్కన లక్కర్ తిన్నర్ చుక్క వేయండి. దానికి మెత్తబడితే లక్కర్; పేరు దగ్గరగా ఉన్నా అది లక్క కాదు, వేరే పూత. తిన్నర్ లక్క పూతను కూడా మెత్తబరచగలదు కాబట్టి ఈ వరస మార్చకండి. రెండింటికీ చలించకపోతే వార్నిష్ లేదా పాలియురేథేన్. అవిసె నూనె చుక్క వేస్తే లోపలికి ఇంకిపోతే అసలు పైపొరే లేదు, నూనె పట్టించి వదిలేశారని అర్థం.

మరొకరు

ఆయన గరుకు కాగితం గురించి ఎందుకంత గట్టిగా చెబుతున్నారో నాకు బాగా తెలుసు. మా అమ్మ రాతబల్లను నేనే మిషనుతో గీకాను. అది పైన పలుచటి రోజ్‌వుడ్ పొర అతికించిన బల్ల అని నాకు తెలియదు. ఒక మూల గోధుమరంగు ఉన్నట్టుండి పాలిపోయింది. పొర దాటి కింది చెక్కలోకి వెళ్ళిపోయాను. మొదలుపెట్టే ముందు చెక్క అంచును పక్కనుంచి చూడండి. పైన ఉన్న నార గీతలు అంచు మీదుగా కిందికి కొనసాగితే అది నిండు చెక్క. అంచు దగ్గర సన్నటి గీతతో ఆగిపోతే పైపొరే.

ఇంకొక మాట. పాత సామాను మీద రంగు పూత ఉంటే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడిగా గీకితే రేగే ధూళి పిల్లలకూ గర్భిణులకూ చాలా ప్రమాదం. సీసం ఉందో లేదో పరీక్ష చేయించకుండా అలాంటి పూతను ముట్టుకోకండి.

అడిగినవారు

మూత నిండు చెక్కే, అంచు చూశాను. రంగు పూత ఎక్కడా లేదు. స్పిరిట్ చుక్క వేసిన చోట వేలికి అంటుకుంది. మురికి తుడిచిన జానెడు జాగాలో లోపలి నుంచి తేనె రంగు బయటపడింది. నేను నలుపు అనుకున్నదంతా జిడ్డేనా?

జవాబు (వడ్రంగి)

చాలావరకు జిడ్డూ, పాత మైనమూనే. పెట్టె మొత్తం అలాగే తుడవండి, రోజుకు ఒక పక్క చొప్పున. పెన్సిలు గీతలున్న లోపలి వైపుకు మాత్రం తడి గుడ్డ తగలనివ్వకండి. మెత్తటి పొడి బ్రష్షు చాలు.

లక్క పూత అయినందుకు సంతోషించండి. బాగుచేయడానికి ఇంత అనువైన పూత ఇంకొకటి లేదు, ఎందుకంటే పాత లక్క కొత్త స్పిరిట్‌కు మళ్ళీ కరిగి కొత్త పూతతో కలిసిపోతుంది. తెల్ల మచ్చ అంటే తేమ పూతలోనే చిక్కుకుంది, కొయ్య దాకా పోలేదు. మెత్తటి నూలు గుడ్డను ఉండలా చుట్టి, స్పిరిట్ అద్ది, దాదాపు పొడిగా అయ్యేదాకా పిండి, మచ్చ మీద గాలి తగిలినట్టు ఒక్కసారి పోనివ్వండి. ఎక్కడా ఆపకండి, ఆపిన చోట గుడ్డ అతుక్కుంటుంది. ఆరాక చూసి, అవసరమైతే మళ్ళీ ఒకసారి.

పూత పలచబడిన చోట కొత్త లక్క వేయవచ్చు. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క రేకులు వేసి, ఒక రాత్రి నాననిచ్చి, గుడ్డలో వడగట్టండి. ఈ పలుచటి పాళ్ళు కొత్తవాళ్ళ చేతికి అనువుగా ఉంటాయి. కలిపిన లక్క నెలల తరబడి నిల్వ ఉంటే సరిగా ఆరదు, అందుకని ముందు గాజు ముక్క మీద ఒక చుక్క వేసి, గట్టిగా ఆరుతోందో లేదో చూడండి.

నల్ల మరక వేరు సంగతి. తేమ తగిలినప్పుడు ఇనుమూ, కొయ్యలో సహజంగా ఉండే టానిన్లనే వగరు పదార్థాలూ కలిసి కొయ్య లోపలే పుట్టించిన రంగు అది. దాన్ని ఆక్జాలిక్ ఆమ్లం తీస్తుంది. కానీ అందుకు పూత తీసేసి కొయ్యను బయటపెట్టాలి, ఆ చెక్క మొత్తానికి ఆమ్లం పట్టించాలి, తర్వాత నీళ్ళతో పలుమార్లు కడగాలి. ఆమ్లం విషం, ఆరాక మిగిలే పొడి ఊపిరితిత్తులకు హాని. మీ పెట్టె నాదైతే మరకను అలాగే ఉంచుతాను. తాళం రేకు విప్పి, తుప్పు తీసి, వెనక వైపు లక్క పూసి బిగిస్తే మరక ఇక పెరగదు. ఇనుప పీచుతో మాత్రం ఏదీ రుద్దకండి, దాని తునకలు కొయ్యలో చిక్కుకుని తేమ తగలగానే కొత్త నల్ల చుక్కలవుతాయి.

ఇక పగులు. దాన్ని లప్పంతో నింపడం సులువు, అదే తప్పు. కొయ్య నార వెంబడి దాదాపు కదలదు, నారకు అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. వెడల్పాటి మూతకు అడుగున అడ్డపట్టీలు స్క్రూలతో బిగించి ఉంటాయి. పట్టీ కదలనివ్వదు, మూత కదలక మానదు, చివరికి మూతే చీలుతుంది. గట్టి లప్పం పెడితే తేమ కాలంలో మూత ఉబ్బి, దాన్ని నొక్కి, పక్కన ఇంకో పగులు తెచ్చుకుంటుంది. పట్టీలు విప్పి చూడండి. రెండు అంచులూ చేత్తో నొక్కితే పగులు మూసుకుంటోందా? మూసుకుంటే జిగురు పెట్టి, క్లాంపులతో బిగించి, ఒక రోజు వదిలేయండి. తర్వాత ఒక్కో పట్టీలో నడుమ ఉన్న స్క్రూ రంధ్రాన్ని అలాగే ఉంచి, మిగతావాటిని మూత నారకు అడ్డంగా పొడుగు చేయండి. పాత స్క్రూలే వాడండి, కానీ బిర్రుగా కాదు.

అడిగినవారు

పట్టీ విప్పగానే పగులు సగం దానంతటదే మూసుకుంది! కాళ్ళ అతుకులకు మేకులు కొట్టవచ్చా?

జవాబు (వడ్రంగి)

కొట్టకండి. మేకు కుసిని, అంటే బెజ్జంలో (చెక్కలో తొలిచిన గాడిలో) దూరే చెక్క కొసను చీలుస్తుంది, మళ్ళీ విప్పే వీలు లేకుండా చేస్తుంది. అతుకు బయటికి ఉబికిన పాత జిగురు మీద తడి వేలు కాసేపు ఆనించండి. జిగటగా మారితే అది తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. అలాంటిది వేడినీళ్ళకు వదులుతుంది, కొత్తగా అదే జిగురు పెడితే పాతదానితో కలిసి పడుతుంది. తెల్ల జిగురైతే పాత జిగురు మీద పట్టదు, అంతా శుభ్రం చేయాల్సి వస్తుంది.

కొయ్య చీలలు ఉంటే సన్నటి కొస వైపు నుంచి కొట్టి తీయండి. కొయ్య సుత్తి వాడి, మధ్యలో గుడ్డ మడత పెట్టండి. జిగురు గుళికలను చన్నీళ్ళలో నానబెట్టి, ఆ గిన్నెను ఇంకో వేడినీళ్ళ గిన్నెలో ఉంచి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించండి. మరిగితే బలం పోతుంది. బిగించాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే పెట్టె మూలమట్టంగా ఉన్నట్టే.

అడిగినవారు

విప్పాను. ఒక్కో కుసి మీద ఉలితో కొట్టిన గాట్లున్నాయి: ఒకదానికి ఒకటి, మరొకదానికి రెండు, అలా. బెజ్జాల పక్కన కూడా అవే ఉన్నాయి. కత్తిగాట్లు అనుకుని ఒకటి సాపు చేయబోయి ఆగాను. నల్ల కాగితం మీద మూడు వారాలుగా పొడి లేదు. లోపలి వైపు నూనె పట్టించాలా?

జవాబు (వడ్రంగి)

ఆగి మంచి పని చేశారు. అవి మీ తాతయ్య పెట్టుకున్న జత గుర్తులు. చేతిపనిలో ఏ రెండు కుసులూ ఒకే కొలతకు రావు. ప్రతిదాన్నీ దాని బెజ్జానికే సరిపెట్టి, విప్పి మళ్ళీ కూర్చేటప్పుడు తారుమారు కాకుండా గాట్లు కొడతారు. ఒక గాటున్న కుసిని ఒక గాటున్న బెజ్జంలోనే పెట్టండి, సుద్దతో మీరు అంకెలు వేయనక్కరలేదు. లోపల నూనె వద్దు. మూసిన పెట్టెలో దాని వాసన ఏళ్ళ తరబడి పోదు. పెన్సిలు గీతలున్న వైపు ఏమీ పూయకుండా, ఆయన వదిలినట్టే వదిలేయండి.