నిమ్మ ఉప్పుతో కడిగిన పెట్రోల్ ట్యాంకు అరగంటలో మళ్లీ తుప్పు పడుతోంది

1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ట్యాంకు, ఐదేళ్లు కదలకుండా ఉంది. అడుగున అతుకు దగ్గర సూదిమొనంత చిల్లు పడి పెట్రోల్ చెమ్మ వస్తోంది. అందుకే లోపల ఎపాక్సీ సీలర్ (గట్టిపడి చిల్లు మూసే పూత) పోయాలి.

పెట్రోల్ వంచేసి, ట్యాపు విప్పి, సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగాను. ఆవిరి పోయేదాకా రెండు రోజులు ఆరుబయట పెట్టాను. తుప్పు రాలడానికి 30 చిన్న నట్లు వేసి గిలకొట్టాను (లెక్కపెట్టి వేయాలి, ఒక్కటి మిగిలినా తర్వాత ట్యాపు దగ్గర అడ్డుపడుతుంది). లీటరు వేడినీళ్లకు 80 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి 24 గంటలు ఉంచితే బూడిదరంగు ఇనుము బయటపడింది. ఆ తర్వాత వంటసోడా నీళ్లు, మంచినీళ్లు, ఎండ.

అరగంటకు తెల్లగుడ్డతో తుడిస్తే పసుపు ముద్ద అంటినట్టు వచ్చింది. రెండోసారి హెయిర్ డ్రయ్యర్‌తో 20 నిమిషాలు ఆరబెట్టాను. అతుకు మడతలో తడి ఆరకముందే మళ్లీ తుప్పు. 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) పోసి లోపలంతా తిప్పితే తుప్పు ఆగుతుంది, కానీ ఆ జిడ్డు మీద సీలర్ పట్టదు. వెల్డింగ్ మాత్రం చెప్పకండి, మడతల్లో మిగిలిన ఆవిరి అంటుకుంటే ట్యాంకు పేలుతుంది.

సీలర్ పోసేదాకా ఇనుము తుప్పు పట్టకుండా ఉండాలంటే చివరి కడుగు దేనితో చేసి, ఎలా ఆరబెట్టాలి?