‘సహజం’, ‘జన్యుపరం’ ఒకటేనా?

ప్రశ్న: ఒక జీవశాస్త్ర పాఠాన్ని తెలుగు చేస్తూ ‘కాంజెనిటల్’ అన్నచోట ‘జన్యుపరమైన’ అని రాశాను. ఎంవీపీ కాలనీలో ఉండే మిత్రుడొకరు చూసి, అది తప్పన్నారు. పుట్టుకతో వచ్చింది వంశం నుంచి వచ్చినట్టే కదా? పెద్దలు చెప్పగోరుతున్నాను.

జవాబు: మీ మిత్రుడి మాటే సరైనది. ‘కాంజెనిటల్’కు లాటిన్ మూలంలో ‘కూడా పుట్టినది’ అని అర్థం. మన ‘సహజ’కు కూడా మొదటి అర్థం అదే, ‘తోబుట్టువు’ను కట్టిన తీరూ అదే. ఇప్పుడు ‘సహజం’ అంటే స్వాభావికమనే అనుకుంటున్నాము గాని, ‘సహజకవచకుండలాలు’ అన్నప్పుడు పాత అర్థం చెక్కుచెదరలేదు. ఆ కవచం కర్ణుడితో పుట్టింది. కొడుకు వృషసేనుడికి రాలేదు. మన సమాసంలోనే మీ ప్రశ్నకు జవాబుంది.

థాలిడోమైడ్ కథ చూడండి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన ఆ మాత్రను వేవిళ్లు తగ్గడానికి గర్భిణులు వేసుకున్నారు. 1961 చివర అక్కడ దాన్ని ఆపేసేలోగా ఎన్నో దేశాలకు పాకి, మొత్తం మీద పదివేల మందికి పైగా పిల్లలు అంగలోపాలతో పుట్టడానికి కారణమైంది. గర్భం నిలిచాక సుమారు 20వ రోజు నుంచి 36వ రోజు దాకా, అంటే నెల తప్పిందని ఇంట్లో అప్పుడప్పుడే తెలుస్తున్న రోజుల్లో, దాని దెబ్బ తగిలేది. ఆ గడువులో ముందుగా వేసుకుంటే చెవులకు, తరువాత చేతులకు, ఆపైన కాళ్లకు లోపం కలిగేది. ఆ పిల్లల జన్యువుల్లో అక్షరం కూడా మారలేదు. కనుక ‘పుట్టుకతో ఉన్న’ అని రాయండి. కారణం తెలిసినచోట ‘గర్భంలో ఉండగా కలిగిన’ అని విప్పండి. ‘జన్యుపరమైన’ను జన్యువు మారినచోటికే ఉంచుకోండి.

మరొకరు: మాస్టారూ, తేనెటీగల్లో రాణి పుట్టుకతోనే రాణి కదండీ?

జవాబు: కాదండీ. రాణికీ కూలి ఈగకూ గుడ్డు ఒకటే. గుడ్డు విడిచిన మొదటి మూడు రోజులు పిల్లపురుగులన్నింటికీ రాయల్ జెల్లీయే, అంటే కూలి ఈగల ఒంట్లో ఊరే పాలలాంటి పదార్థమే, మేత. ఆ తరువాత రాణి కావలసినదానికి అదే కొనసాగుతుంది, తక్కినవాటికి తేనె, పుప్పొడి కలిసిన మేత వస్తుంది. గుడ్డు పెట్టిన 16 రోజులకు రాణి, 21 రోజులకు కూలి ఈగ గది చీల్చుకుని బయటపడతాయి. కాబట్టి దాన్ని ‘పుట్టురాణి’ అనడం కుదరదు. ‘మేపుడురాణి’ అంటే నవ్వుతారేమో గాని, తప్పు మాత్రం పట్టలేరు. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలిసినప్పుడు చెప్పండి.