నాలుగు ఆల్బమ్‌లు, నాలుగు సంగీతాలు: నా అభిప్రాయాలతో మీరు ఏకీభవిస్తారా?

ప్రశ్న (పాత క్యాసెట్టు):

సినిమా పాటలు, కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన నాకు ఆల్బమ్ అంటే చాలాకాలం పాటు క్యాసెట్టే. ఒకవైపు ఒక సినిమా, రెండోవైపు మరో సినిమా ఉండేవి. పాటల వరుస గురించి ఎవరూ పట్టించుకునేవారు కాదు. మొదటి నుంచి చివరి దాకా కచేరీలాగా క్రమం చూసుకుని కూర్చిన రికార్డులు ఉంటాయని హిందుస్తానీ వాద్య సంగీతం, జాజ్, రాక్ వినడం మొదలుపెట్టిన తరువాతే తెలిసింది. అలాంటి నాలుగింటి మీద నా అభిప్రాయాలు కింద రాస్తున్నాను. విభేదించేవారు కారణం కూడా చెబితే మరీ సంతోషిస్తాను.

నాకు అన్నిటికన్నా నచ్చినది జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' (1959). మొదటి ట్రాక్ 'సో వాట్' పియానో, బేస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం) కలిసి తాళానికి కట్టుబడనట్టుగా మొదలవుతుంది. ఆ తరువాత బేస్ పల్లవిలాంటి ఒక ముక్క వాయిస్తే, మిగిలిన వాద్యాలు రెండే రెండు స్వరాలతో జవాబు చెబుతాయి. ట్రంపెట్ ఒంటరిగా అందుకునే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ మోత ఇంకా ఆరకముందే డేవిస్ తొందరేమీ లేనట్టు వాయించడం మొదలుపెడతాడు. స్వరానికీ స్వరానికీ నడుమ అంత ఖాళీ వదలడానికి చాలా ధైర్యం ఉండాలి. కోల్ట్రేన్ సాక్సోఫోన్ మాత్రం నాకు ఇంకా కొరుకుడు పడలేదు. ఆయన వెనకే వచ్చే కానన్‌బాల్ ఆడర్లీ వాదనమే హాయిగా ఉంది. ఒక సందేహం ఉంది: ఇందులో స్వరాలు ఖరహరప్రియ రాగంలా వినిపిస్తున్నాయి, కానీ శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని వింటే కలవడం లేదు. ఎందుకు?

'కాల్ ఆఫ్ ది వ్యాలీ' (1967) మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్ కలిసి ఒక పశువుల కాపరి రోజును పొద్దుటి అహిర్ భైరవ్ నుంచి రాత్రి పహాడీ దాకా చెబుతాయి. తియ్యగా ఉంటుంది, కాస్త ఎక్కువ తియ్యగానే ఉంటుంది.

రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' (1973) నన్ను కదిలించలేదు. గడియారాల మోతలు, నాణేల చప్పుళ్లు, నవ్వులు తీసేస్తే మిగిలే సంగీతం ఎంత అన్న అనుమానం వదలడం లేదు. నాలుగోది ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' (1986). త్యాగరాజస్వామికీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన ఈ ఆల్బమ్‌ను ఎంతో ఆశతో విన్నాను. వయొలిన్లు అద్భుతంగా ఉన్నా, రెండు సంగీతాలూ ఎవరి దారిన అవి నడిచినట్టే అనిపించింది.

జవాబు (వాయులీనం):

ఖరహరప్రియ విషయంలో మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. 'సో వాట్' నాలుగేసి దెబ్బల ఆవర్తాలు 32 కలిసిన చుట్టు. మొదటి 16 ఆవర్తాలలో వాడే డోరియన్ అనే పాశ్చాత్య స్వరవరుస, మన లెక్కలో రెండు శ్రుతిలో (పాశ్చాత్యుల 'డి' స్వరం షడ్జంగా) పాడిన ఖరహరప్రియ స్వరాలే. తరువాతి 8 ఆవర్తాలకు ఆ స్వరవరుస మొత్తం అర స్వరం పైకి జరిగి, చివరి 8 ఆవర్తాలకు మళ్లీ యథాస్థానానికి వస్తుంది. దీన్ని గ్రహభేదం అనుకోకూడదు. గ్రహభేదంలో స్వరాలు ఉన్నచోటే ఉండి ఆధార షడ్జం మారుతుంది, ఇక్కడ షడ్జంతో సహా అన్నీ కదులుతాయి. తంబురా మోగుతూ ఉండగా ఈ పని చేయడం కుదరదు కనుక మన పద్ధతిలో దీనికి చోటు లేదు. పైగా గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేని ఖరహరప్రియను రాగమని ఒప్పుకోవడానికి నా మనసు రాదు.

శ్రుతి పెట్టెతో కలవకపోవడానికి రెండో కారణం కూడా ఉండవచ్చు. 1959 మార్చి 2న జరిగిన మొదటి విడతలో టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరగడం వల్ల, ఆ రోజు రికార్డు చేసిన మొదటి మూడు ట్రాకులూ పాత ముద్రణలలో ఉండవలసినదానికన్నా కాస్త పై శ్రుతిలో వినిపిస్తాయి. 1990లలో వచ్చిన ముద్రణలలో దీన్ని సరిచేశారు. మీ దగ్గర ఉన్నది ఏ కాలపు ముద్రణో ఒకసారి చూసుకోండి.

'కైండ్ ఆఫ్ బ్లూ' నచ్చినవారు పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' కూడా వినాలి. రెండూ న్యూయార్క్ 30వ వీధిలో, పాత చర్చిని స్టూడియోగా మార్చిన ఒకే హాలులో రికార్డయ్యాయి. గూల్డ్ దీన్ని 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. వేగం తగ్గించడమే కాకుండా, మొదటిసారి వదిలేసిన పునరావృత్తులలో కొన్నింటిని రెండోసారి వాయించాడు. పియానో వెనక ఆయన కూనిరాగం స్పష్టంగా వినబడుతుంది. కొందరికి అది చిరాకు, నాకు మాత్రం లయ ఎటు పోతోందో చెప్పే తోడు.

జవాబు (ఎల్పీ ప్రియుడు):

'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' గురించి మీరు రాసినది నాకు అన్యాయంగా తోచింది. ఫోన్‌లో వినేటప్పుడు ట్రాకుకూ ట్రాకుకూ మధ్య విరామం పడుతోందేమో ముందు చూసుకోండి. ఇందులో ఒక్కో ట్రాకు తరువాతి దానిలోకి కలిసిపోయేలా కూర్చారు కాబట్టి, ఆ విరామం పడితే చప్పుళ్లు అతికించిన పాటల్లాగే వినిపిస్తాయి.

మీరు ప్రస్తావించిన నాణేల చప్పుడునే తీసుకుందాం. 'మనీ'లో ఆ చప్పుళ్లే తాళం పట్టుకుంటాయి. ఏడు దెబ్బల చక్రం వాటితోనే మొదలై, బేస్ అందుకున్నాక కూడా సాగుతుంది. మిశ్రచాపు అలవాటైన చెవికి ఇది వెంటనే దొరకాలి. సాక్సోఫోన్ కూడా ఆ ఏడులోనే వాయించి తప్పుకుంటుంది, గిటార్ వచ్చేసరికి నడక నాలుగుకు మారుతుంది. అక్కడ కలిగే ఊరట ముందే లెక్క వేసుకుని పెట్టినది. దానికి ముందు, ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) మొదటి వైపు చివర, గాయని క్లేర్ టోరీ ఒక్క సాహిత్యపు ముక్క కూడా లేకుండా పాడిన భాగం ఉంది. ఆలాపన విని ఆనందించే వ్యక్తి దాన్ని పట్టించుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అప్పట్లో ఆమెకు ఇచ్చినది 30 పౌండ్లు. ఆ ట్రాకు రచనలో తనకూ భాగముందని కోర్టుకు వెళ్లిన తరువాత, 2005లో రాజీ కుదిరి ఆమె పేరు కూడా చేరింది.

జవాబు (గోదావరి గట్టు):

'హౌ టు నేమ్ ఇట్' మీద మీ తీర్పును నేను ఒప్పుకోలేను. బాఖ్ ఒంటి వయొలిన్ కోసం రాసిన ఇ మేజర్ పార్టిటా (కొన్ని భాగాల రచన) మొదటి భాగం, ప్రెల్యూడ్ మీద కట్టిన ట్రాకును ఇయర్‌ఫోన్లతో మళ్లీ వినండి. మన సంగీతంలో ప్రధానంగా సాగేది ఒకే గీత. దాని పక్కన రెండో గీతను నడిపించాలంటే ఆ రెండోదానికి గమకం తగ్గించక తప్పదు, లేకపోతే రెండూ ఢీకొంటాయి. ఈ ఆల్బమ్‌లో వి.ఎస్. నరసింహన్ వయొలిన్ గమకంతో పలుకుతున్న చోట్ల కింది తీగవాద్యాలు ఎంత నిలకడగా ఉంటాయో గమనించండి. ఎవరి దారిన అవి నడుస్తున్నట్టు మీకు అనిపించడానికి కారణం అదే కావచ్చు. నాకు అది రాజా గారి వివేకంగా కనిపిస్తుంది.

రెండు సంగీతాలు నిజంగా ఒకదానిలో ఒకటి కరగాలని కోరుకుంటే, మన పాలకొల్లు వారైన మాండలిన్ శ్రీనివాస్ గారు కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' (1995) వినండి. అయితే ఆ కరగడానికి మూల్యం ఉంది. విద్యుత్ మాండలిన్ మీద ఆయన స్వరకల్పనలో ఉండే పదును, బ్రూక్ పరిచిన పొగమంచులాంటి నాదం కింద చాలాచోట్ల మొద్దుబారింది. అందువల్ల ఈ రెండింటిలో నేను ఇళయరాజా గారి వైపే ఉంటాను.

పాత క్యాసెట్టు:

అందరికీ ధన్యవాదాలు. నేను వింటున్నది పాత ముద్రణే, కొత్తది తెప్పిస్తాను. ఏడు దెబ్బల నడకను పట్టుకున్నాక 'మనీ' మీద గౌరవం పెరిగింది కానీ, మొత్తం ఆల్బమ్ మీద అభిప్రాయం మారలేదు. 'హౌ టు నేమ్ ఇట్' విషయంలో గమకం గురించిన వాదన బలంగా ఉంది, దాని మీద ఇంకా ఆలోచించాలి. వాయులీనం గారూ, గూల్డ్ రెండు రికార్డులలో ముందు ఏది వినమంటారు?

వాయులీనం:

1981ది. మొదట వచ్చే ఆరియా (మూల రచన) నెమ్మదిగా సాగడం వల్ల ఎడమచేతి కింది స్వరాలు విడివిడిగా తెలుస్తాయి, తరువాతి ముప్పై వేరియేషన్లూ నిలబడేది వాటి మీదే. అవి నోటికి వచ్చాక 1955 నాటి వేగం మిమ్మల్ని బెదిరించదు.